సీత-అనసూయల పాట: గొంతు గుర్తుంది, మరి పేరో?

సీత-అనసూయ అంటే ఇవాళ్టి విద్యార్థుల్లో చాలామందికి తెలీదు. కొంచెం పెద్దవాళ్ళనడిగితే, రేడియోలో పాడేవాళ్ళు కదూ అని అక్కడితో ఆగిపోతారు. మా ఈడువాళ్ళకి మాత్రం అవి రెండు పేర్లు కావు, ఒకటే పేరు. ఎవరు సీతో ఎవరు అనసూయో మాకు తెలీదు. సాయంత్రంపూట పంచాయితీ ఆఫీసు మీది మైకులో రేడియో పెట్టేవారు. మేము పేటలో ఉండే వినేవాళ్ళం. గాలి మా వైపు తిరిగిన రోజు మాటలు కూడా తెలిసేవి. తిరగని రోజు రాగం ఒక్కటే వచ్చేది. పొద్దంతా ఊడ్పులూడ్చి ఇంటికొచ్చిన మా అమ్మలు పొయ్యి రాజేస్తూ ఆ పాట విని నవ్వేవాళ్ళు. ఇది మన పాటేనే, కానీ ఇంత మెత్తగా పాడితే నారు కదలదు అనేవాళ్ళు.

ఆ నవ్వులో ఒక విమర్శ ఉందని మాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. ఇప్పుడు ఆ విమర్శనే కొంచెం వివరంగా రాయాలనుకుంటున్నాం. ఇది ఆ అక్కచెల్లెళ్ళని తిట్టడానికి కాదు. వాళ్ళ గొంతంటే మాకు ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. అయితే ఇష్టమైనవాళ్ళ లెక్క చూడకూడదనే నియమం ఎక్కడా లేదు.

వింజమూరి అనసూయ 1920లో కాకినాడలో పుట్టారు. సీత ఆమె చెల్లెలు. తండ్రి లక్ష్మీనరసింహారావు రంగస్థల నటుడు, పండితుడు. తల్లి వెంకటరత్నమ్మ 'అనసూయ' అనే స్త్రీల పత్రిక నడిపిన సంపాదకురాలు. దేవులపల్లి కృష్ణశాస్త్రి వాళ్ళకి మేనమామ. అంటే సాహిత్యం, సంగీతం, పత్రిక, వేదిక అన్నీ ఇంట్లోనే ఉన్న బ్రాహ్మణ కుటుంబం. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. తర్వాత కాలంలో తెలుగు పల్లెపాటని రేడియోలోకి, కచేరీ వేదిక మీదికి తెచ్చినవాళ్ళలో ఈ ఇద్దరి పేర్లూ ముందుంటాయి. అనసూయ పాటలు సేకరించారు, స్వరపరిచారు, పుస్తకాలుగా వేశారు. 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తొంభై తొమ్మిదో ఏట పోయారు. అప్పటి నివాళుల్లో కనిపించిన మాట 'జానపద కోకిల'.

వాళ్ళు చేసింది చిన్నపని కాదు. పెద్దకులాల ఇళ్ళలో ఆడపిల్ల నలుగురిలో పాడటమే తప్పుగా చూసిన రోజులవి. పాడినా కీర్తన పాడాలి గాని కూలోళ్ళ పాట పాడటమేంటి అన్న రోజులు కూడా. త్యాగరాజ కృతి ఒక్కటే సంగీతం అనుకునే సభలో దంపుళ్ళ పాటని, ఊడ్పుల పాటని నిలబెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని మనం తక్కువ చెయ్యకూడదు. మా పేటలో కూర్చుని రేడియోలో మా పాటలాంటిది విన్నప్పుడు, మనకీ ఒక పాట ఉందన్నమాట అని మేము అనుకున్న మాటా నిజం.

కానీ ఏం వచ్చిందో చూసినప్పుడు ఏం రాలేదో కూడా చూడాలి. ఊడ్పుల పాట చేలో ఎలా ఉంటుంది? ఒకామె పాటెత్తుతుంది. మిగిలినవాళ్ళు వెనక అందుకుంటారు. నడుం వంచిన మనిషి ఊపిరి ఎంతో పాట చరణం అంతే. చెయ్యి ఎంత జోరుగా ఆడితే పాట అంత జోరు. మడి అయిపోతే పాట అయిపోతుంది, అవ్వకపోతే పాటకి చరణాలు పుట్టుకొస్తాయి. ఆ పుట్టుకొచ్చిన చరణాల్లోనే అసలు సరుకుంటుంది. గట్టు మీద గొడుగేసుకున్న కామందు, కూలి కొలతలో మోసం చేసే మేస్త్రీ, పొద్దుగూకినా చేలోంచి లేవనివ్వని ఆసామి అందరూ వాటిలోకి వస్తారు. పేరు చెప్పకుండానే ఎవరిని అంటున్నారో వాడికి తెలుస్తుంది. తెలిసినా ఏమీ అనలేడు, ఎందుకంటే అది 'ఒట్టి పాట'.

ఈ పాట గ్రామఫోను రికార్డులోకి ఎక్కాలంటే ఒక వైపుకి సుమారు మూడు నిమిషాలే. రేడియోలోనూ గడియారం ఉంటుంది. పక్కన హార్మోనియం ఉంటుంది. ఎత్తేవాళ్ళు, అందుకునేవాళ్ళు అన్న తేడా పోయి రెండు గొంతులు ఒకటిగా కలుస్తాయి. చరణాలు స్థిరపడతాయి. వినేది కామందు ఇంటి వసారాలో కాబట్టి కామందు మీది చరణం వినపడదు. మిగిలేది సరసం, మేనమామ, ఏరు, పైరగాలి. చెమట పోయి పచ్చదనం మిగిలింది. మెత్తగా పాడితే నారు కదలదు అని మా అమ్మలన్నది ఇదే. పని నుంచి విడదీసిన పనిపాట అది.

ఇందులో ఇద్దరు మనుషుల తప్పు వెతకటం కంటే ఒక మాటని పట్టుకోవటం మేలు. ఆ మాట 'జానపదం'. కృతి అంటే త్యాగయ్యది. పదం అంటే క్షేత్రయ్యది. కానీ జానపదం అంటే ఎవరిదీ కాదు, జనానిది. వినటానికి బాగానే ఉంటుంది. జనానిది అంటే అందరిదీ అని, అందరిదీ అంటే తీసుకున్నవాళ్ళదీ అని. పాటెత్తిన మనిషికి పేరుంది, కులముంది, పేటుంది. జానపదం అనగానే ఆ మూడూ చెరిగిపోతాయి.

ఒక పోలిక చెబుతాం. అనసూయ పుట్టిన మరుసటి ఏడు, 1921లో, అదే గోదావరి సీమలో రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దంటే, మరి మా నెత్తి మీది నల్లదొర సంగతేంటని అడిగిన దళితుడి పాట అది. మా చిన్నప్పుడు గరిమెళ్ళ పాట మాకు నేర్పారు. ధర్మన్న పాట ఉందని కూడా చెప్పలేదు. ఏరు పాడే దళితుడు కావాలి, దొరని అడిగే దళితుడు వద్దు. పేరు లేని మాల పాటకి చోటు దొరికింది. పేరున్న మాల కవికి దొరకలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ 'జానపదం' అనే మాట చివరికి సీత-అనసూయలని కూడా వదల్లేదు. 'మొక్కజొన్న తోటలో' పాట వాళ్ళ గొంతుల్లో ఊరూరా పాకింది. అది కొనకళ్ళ వెంకటరత్నం రాసిన గేయం. కానీ ఇవాళ చాలామంది దాన్ని ఎవరూ రాయని పల్లెపాటే అనుకుంటారు. బడుల్లో పిల్లలు పాడే 'జయ జయ ప్రియ భారత' కృష్ణశాస్త్రిదని అందరికీ తెలుసు. దానికి బాణీ కట్టింది అనసూయ అని ఎందరికి తెలుసు? మేనమామ పేరు మిగిలింది, మేనకోడలి పేరు జారిపోయింది. ఆడదాని పనిని పెద్దకులం కూడా దాచిపెట్టదు, వాడుకుంటుంది. ఇది చూసినప్పుడు మాకు ఆమె మీద ప్రేమ ఇంకొంచెం పెరిగిందనే చెప్పాలి.

అయినా తేడా తేడానే. అనసూయ పేరు జారిపోతే వెతికి తీసుకురావచ్చు. పుస్తకాలున్నాయి, రికార్డులున్నాయి, ఫొటోలున్నాయి. ఆ పాట మొదట ఎత్తిన ఊడ్పుల మనిషి పేరు ఏ రికార్డు మీదా పడలేదు. ఆమెని వెతకటానికి మనకి చిరునామా లేదు. ఒకరిది మరుపు, ఇంకొకరిది అసలు రాయకపోవటం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'జానపద కళాకారులకు అన్యాయం' అని మాట్లాడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

దీనికి ఇంకో దారి ఉందని 1979లో వచ్చిన 'మాభూమి' చూపించింది. ఆ సినిమా సంగీతంలో సీత పాలుంది. అదే సినిమాలో 'బండెనక బండి' పాడుతూ తెర మీద కనిపించింది తూప్రాన్ నుంచి వచ్చిన దళితుడు గద్దర్. ఆ పాట తెలంగాణ సాయుధ పోరాటంలోని యాదగిరిది. 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతుది. రేడియోలో మెత్తబడిన పల్లెపాట ఇక్కడ దొర పేరు పెట్టి పిలిచింది. పాట కట్టినవాళ్ళకీ పేరుంది. సీత సంగీతజ్ఞానం ఆ పాటల్ని చెడగొట్టలేదు. అంటే సమస్య హార్మోనియంలో లేదు. పాట మీద అధికారం ఎవరిదన్నదే సమస్య. 1985లో కారంచేడు తర్వాత మన పాట ఇక ఎవరి గొంతు కోసమూ ఎదురుచూడలేదు. 1995లో దళిత కవులు తమ సంకలనానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టుకున్నారంటే ఊరికే పెట్టుకోలేదు.

పాటకి కులమేంటండీ అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పాటకి కులం లేకపోవచ్చు. చేలో దిగేవాళ్ళకి ఉంది, వేదిక ఎక్కేవాళ్ళకి ఉంది, నివాళి రాసేవాళ్ళకీ ఉంది. మన మిత్రుల్లో కొందరు ఇంకో చివరికి పోయి, ఆ అక్కచెల్లెళ్ళ ఊసే మనకెందుకు అంటారు. అదీ సరికాదు. వాళ్ళు దాచిన పాటల్లో మన అమ్మల మాటలున్నాయి. వాటిని వదిలేస్తే నష్టం మనకే. ఆ పుస్తకాలు తెరిచి, ఏ పాట ఏ పనిది, ఏ కులపు ఆడవాళ్ళ నోటిది, ఏ చరణం రాలిపోయి ఉంటుంది అని మళ్ళీ చదవటం మన విద్యార్థుల పని.

ఇవాళ ఫోను పట్టుకున్న ప్రతివాడూ సేకర్తే. యూట్యూబులో పల్లెపాటలు లక్షలమంది చూస్తున్నారు. కింద ఇంకా 'జానపదం' అనే ఉంటోంది. అందుకని ఒక్కటే కోరుతున్నాం. ఈసారి మీ ఊళ్ళో ఒక ముసలమ్మ దగ్గర పాట రికార్డు చేస్తే ముందు ఆమె ఒప్పుకుందో లేదో అడగండి. ఆమె పేరు, పేట పేరు, చేసిన పని, పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ పేరు రాయండి. ఆ తర్వాత పాట రాయండి. మా అమ్మల దగ్గర మేము ఆ పని చెయ్యలేదు. పాట విన్నాం, నవ్వు విన్నాం, పాటెత్తినామె ఎవరని మాత్రం అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.