సూదిమొన పనితనం

మొటిమలు వదిలిపోయిన గుంటలు ఎదురు వెలుగులో సగం కనబడవు. అద్దం ముందు ఫరవాలేదనిపించిన చెంప, కిటికీ పక్కకి వచ్చేసరికి ఎగుడుదిగుడుగా తేలుతుంది. అందుకే పని తెలిసిన చర్మవైద్యులు ముందుగా దీపాన్ని పక్కకి జరుపుతారు. పేషెంటుని కూర్చోబెట్టే చూస్తారు. పడుకుంటే చర్మం వెనక్కి జారి కొన్ని గుంటలు మాయమైపోతాయి మరి. తర్వాత రెండు వేళ్లతో చెంపను సాగదీస్తారు. లాగగానే చదునయ్యేవి ఒక రకం, ఎంత లాగినా అలాగే ఉండిపోయేవి ఇంకో రకం. నల్ల మచ్చ మిగిలి గుంట పడనివి అసలు ఈ లెక్కలోకే రావు. వాటికి క్రీములు, ఎండ తగలకుండా జాగ్రత్త, కాస్త ఓపిక చాలు.

2001లో జేకబ్, డోవర్, కామినర్ అనే వైద్యులు ఈ గుంటలను మూడు రకాలుగా విడదీశారు. ఐస్‌పిక్ అంటే పైన 2 మిల్లీమీటర్లు కూడా ఉండని నోరు, లోపలికి మాత్రం సూదిగా దిగిపోయిన రంధ్రం. బాక్స్‌కార్‌ది గుండ్రటి నోరు, నిట్టనిలువు గోడలు. రోలింగ్ వెడల్పుగా, అంచులు తెలియకుండా, అలలాగా ఉంటుంది. చాలా ముఖాల మీద మూడూ కలిసే ఉంటాయి. కాబట్టి ఒకే చెంప మీద బెత్తెడు దూరంలో పద్ధతి మారాల్సి రావచ్చు. ఈ పనిలో చెయ్యి తిరగడమంటే ముందు కన్ను తిరగడమే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది సబ్‌సిషన్. న్యూయార్క్ చర్మవైద్యులు, తండ్రీకొడుకులు నార్మన్, డేవిడ్ ఆరెన్‌ట్రైక్ 1995లో దీని గురించి రాశారు. జుట్టు నాటే శస్త్రచికిత్సకి దారి తీసింది కూడా ఈ నార్మనే. రోలింగ్ గుంట పైనున్న చర్మానికి నిజానికి పెద్ద లోపం ఉండదు. మొటిమ మానేటప్పుడు ఏర్పడిన నార పోగులు దాన్ని కిందికి లాగి పట్టుకుంటాయి, పరుపుకి ముడి వేసిన చోట గుంట పడ్డట్టు. ముడి తెగితే పైభాగం తనంతట తాను లేస్తుంది.

ఆ తెంపడం చూడాలి. పెన్నుతో ఒక్కో గుంట చుట్టూ గీత గీసి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గుంటకి కాస్త ఎడంగా సూది దింపుతారు. దాని మొన చిన్న కత్తిలా చదునుగా ఉంటుంది. దాన్ని చర్మానికి సమాంతరంగా పడుకోబెట్టి, గీతల కిందుగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, విసనకర్ర విప్పినట్టు పక్కలకి తిప్పుతారు. రెండో చెయ్యి పైనుంచి చర్మాన్ని పట్టుకుని మొన ఎక్కడుందో కనిపెడుతూ ఉంటుంది. కంటికి ఏమీ కనబడదు; పోగు తెగినప్పుడు వేలికి తెలుస్తుంది, ఒక్కోసారి కరకరమని వినబడుతుంది కూడా. మొన మరీ పైకి వస్తే చర్మం చిల్లు పడుతుంది, మరీ లోతుకి దిగితే రక్తనాళాలు. కణత దగ్గర, దవడ అంచున ముఖాన్ని కదిలించే నరాలుంటాయి కాబట్టి అక్కడ చెయ్యి ఇంకా నెమ్మదిస్తుంది. తెగిన చోట చేరిన నెత్తురు, పోగులు మళ్లీ అతుక్కోకుండా కొంత అడ్డుపడుతుంది. గాయం మానే క్రమంలో అక్కడ కొత్త కొలాజెన్ పుడుతుంది. కమిలిన చర్మం ఒకటి రెండు వారాల్లో మామూలవుతుంది.

ఐస్‌పిక్‌కి ఈ సూది పనికిరాదు. 2002లో కొరియా వైద్యులు ప్రకటించిన క్రాస్ పద్ధతిలో పనిముట్టు చూస్తే నవ్వొస్తుంది: మొన చెక్కిన చెక్కపుల్ల. దాన్ని గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంలో ముంచి, చర్మం బిగలాగి, గుంట అడుగున అదిమి పడతారు. క్షణాల్లో అక్కడ తెల్లటి చుక్క తేలుతుంది, చెయ్యి తీసెయ్యాలి. ఆమ్లం అంచు దాటిందా, గుంట పూడకపోగా వెడల్పవుతుంది. తర్వాత కట్టిన చెక్కు కొద్ది రోజుల్లో రాలిపోతుంది. నెల, నెలన్నర ఎడంతో మూడు నాలుగు సార్లు చేస్తే అడుగు మెల్లగా పైకి వస్తుంది. 2011లో నీతి ఖుంగర్ బృందం ఇదే పద్ధతిని ముదురు రంగు చర్మం మీద పరీక్షించి మంచి ఫలితాలు ప్రకటించింది.

బాక్స్‌కార్ లోతుగా ఉండి, దాని అడుగు మంచి చర్మమే అయితే, పంచ్ అనే గుండ్రటి కత్తితో గోడ వెంబడి కోసి, ఆ అడుగునే పక్క చర్మం ఎత్తుకి లేపి అతికిస్తారు. సన్నటి సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ మిగిలిన లోతు తక్కువ గుంటల్ని సర్దడానికి. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ లేజర్ ఆలోచన చక్కటిది: చర్మమంతా కాల్చకుండా సన్నటి చుక్కలుగా కాల్చి, మధ్యలో వదిలిన మంచి చర్మం చేత గాయాన్ని మాన్పించడం.

అయితే మన గోధుమ, చామనచాయ చర్మాలకి వేడి ఎక్కువైతే గుంట తగ్గినా నలుపు మిగులుతుంది. అందుకే మంచి వైద్యులు శక్తి తగ్గించి, చుక్కలు పలచగా పెట్టి, ముందూ వెనకా సన్‌స్క్రీన్ తప్పనిసరి చేస్తారు. మొటిమలు ఇంకా వస్తూంటే వాటిని అణిచాకే గుంటల జోలికి వెళ్తారు.

కొత్త కొలాజెన్ కుదురుకోవడానికి నెలలు పడుతుంది. గుంటలు పూర్తిగా పోతాయని ఎవరైనా మాటిస్తే నమ్మక్కర్లేదు. తగ్గుతాయి, కొందరికి చాలా తగ్గుతాయి. క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఏ మెషీన్ ఉందో అడగడం కన్నా అద్దం చేతికి తీసుకుని, ‘ఈ గుంటకి ఏం చేస్తారు, దాని పక్కదానికి ఏం చేస్తారు’ అని అడగడం మేలు. రెండిటికీ ఒకే జవాబు వస్తే, ఎందుకో కూడా అడగండి.