చలికాలం నాటకం, వేసవిలో కెమెరా

సముద్రపు ఒడ్డున మృత్యువుతో చదరంగం ఆడే యోధుణ్ణి చూసినవాళ్లు మరిచిపోరు. 1957లో వచ్చిన ‘ది సెవెంత్ సీల్’లో ఆ వేషం కట్టిన స్వీడిష్ నటుడు మాక్స్ వాన్ సీడోకి షూటింగ్ నాటికి 27 ఏళ్లే. ఆ వయసుకి అంత నిబ్బరం నాటకం పెట్టిన భిక్ష.

స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్ బడిలో 1948 నుంచి మూడేళ్లు నేర్చుకుని, చిన్న ఊళ్లలో నాటకాలాడి, 1955లో మాల్మో నగర నాటకశాలకు చేరాడాయన. అక్కడ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్. చలికాలమంతా ఇబ్సెన్, మోలియేర్, గోథే. వేసవిలో నాటకాలు ఆగగానే ఆ బృందంలోంచే నటుల్ని వెంటబెట్టుకుని బెర్గ్‌మన్ సినిమా తీసేవాడు. హీరో అన్న హోదా శాశ్వతం కాదక్కడ. యోధుడు తెరమీదికి వచ్చిన ఏడాదే మాక్స్ ‘వైల్డ్ స్ట్రాబెరీస్’లో పెట్రోలు బంకు నడిపేవాడు, పాత డాక్టరుగారి దగ్గర డబ్బు పుచ్చుకోనని చెప్పి తప్పుకుంటాడు.

మాల్మో హాల్లో 1500 మందికి పైగా కూర్చోవచ్చు. ఆఖరి వరసకు కనుబొమ్మ కదలిక ఏం కనబడుతుంది? నిలబడ్డ తీరు, నడక, గొంతు మాత్రమే అందుతాయి. కెమెరా దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఏటా ఈ రెండు కొలతల మధ్య తిరగడమే అసలు శిక్షణ అని నా నమ్మకం.

‘ది వర్జిన్ స్ప్రింగ్’ (1960) చూడండి. కూతుర్ని చంపినవాళ్లు తన ఇంట్లోనే నిద్రపోతున్నారని తండ్రికి తెలిసింది. ఏడవడు, అరవడు. బయట ఒంటరిగా నిలిచిన లేత బిర్చ్ చెట్టు దగ్గరికెళ్లి, కాండం పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. లొంగదు. ఒంటి బరువంతా వేసి, దాంతోపాటే నేలమీద పడతాడు. కెమెరా ఎక్కడో దూరాన ఉంది, ముఖంతో పనే లేదు. ఆఖరి వరసకు ఆడటం తెలిసినవాడి పని ఇది.

‘వింటర్ లైట్’ (1963)లో దీనికి పూర్తిగా ఎదురు. చైనా అణుబాంబు భయంతో కుంగిపోయిన జాలరి ఆయన. ధైర్యం చెప్పాల్సిన పాస్టరు తన సందేహాలే చెప్పుకుంటూ పోతాడు. మాక్స్ వింటాడు, అంతే. వినడం ఎంత కష్టమైన నటనో ఆ కాసేపట్లో తెలుస్తుంది.

హాలీవుడ్ 1965లో ఆయన్ని ఏసుక్రీస్తుని చేసింది. ఆ సినిమా నాకు విసుగు. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973) సంగతి వేరు. 44 ఏళ్లవాణ్ణి ముసలి ఫాదర్‌గా మార్చింది డిక్ స్మిత్ మేకప్పేనంటారు. ముడతలు స్మిత్‌వే, ఒప్పుకుంటాను. మాత్ర వేసుకునేటప్పుడు చేతుల్లో కనబడే ఆ వణుకు మేకప్ డబ్బాలో దొరికేది కాదు.

1987 నాటి ‘పెల్లె ది కాంకరర్’ ఆయన్ని తొలిసారి ఆస్కార్ నామినేషన్ దాకా తీసుకెళ్లింది. రెండోసారికి 82 ఏళ్లు. ‘ఎక్స్‌ట్రీమ్లీ లౌడ్ అండ్ ఇన్‌క్రెడిబ్లీ క్లోజ్’లో మాట్లాడని ముసలాయన వేషం. ఒక అరచేతి మీద ‘అవును’, ఇంకో అరచేతి మీద ‘కాదు’ అని రాసి ఉంటుంది. కుర్రవాడు ఏదైనా అడిగితే, చెయ్యెత్తి చూపుతాడు.