ఉతుకు యంత్రముల జీర్ణోద్ధరణ

పాత మోటారుకార్లను కొని, వానికి పూర్వపు మెఱుగు తెచ్చి, వీథులలో నడపి చూపువారిని లోకము రసికులని మెచ్చుకొనుచున్నది. కాని అమెరికా దేశమున ఇండ్ల నేలమాళిగలలోను, పొలముల కొట్టములలోను దుమ్ముపట్టి పడియున్న బట్టలుతుకు యంత్రములను వెదకి తెచ్చి, మరల నీటితో సబ్బుతో ఆడించువారిని గూర్చి వినినవారు స్వల్పము. కారు వైభవమునకు గుర్తు గనుక ఇంటి ముంగిట నిలిచినది. ఉతుకు యంత్రము చాకిరికి తోడు గనుక పెరటి వసారాలో మూలనుండి, పని తీరినంతనే పాత ఇనుము కొనువాని బండి యెక్కినది. తరతరములుగా స్త్రీల నడుములు విఱిచిన పనిని తేలిక పఱచిన సాధనమునకు ఇంత చిన్నచూపు తగదని నా గట్టి నమ్మకము.

సేకర్తలు అధికముగా నభిమానించునది మేటాగ్ యంత్రము. అయోవా రాష్ట్రమున న్యూటన్ అను పట్టణమందు వ్యవసాయపు పనిముట్లు చేయుచుండిన ఈ సంస్థ 1907లో కొయ్యతొట్టి గల ఉతుకు యంత్రమును చేసి, తరువాత అల్యూమినియము పోతపోసిన తొట్టిని ప్రవేశపెట్టి, 1922లో ఆ తొట్టి యడుగున ఱెక్కలు గల ఎజిటేటరును నిలిపినది. మన యింటి కవ్వము త్రాటి లాగుడుకు ఇటు కొంత, అటు కొంత తిరిగి పెరుగును చిలుకునట్లు, ఈ ఎజిటేటరు ఒకే దిక్కునకు తిరుగక ముందువెనుకలకు ఊగుచు సబ్బునీటిని నూలుపోగుల నడుమ నుండి నెట్టును. బట్టను బాదక, నీటినే కదలించి మురికి వదలించు ఈ పద్ధతి జనులను ఎంత ఆకర్షించినదనగా, 1927 నాటికి ఆ సంస్థ పది లక్షల యంత్రములను చేసియుండెను. తొట్టిపైన బట్టలు పిండు రోలర్లు గల ఆ పాత తరహా నమూనాల తయారీ 1983 వరకును సాగెను.

విద్యుత్తు లేని పల్లెల కొరకు తొట్టి క్రింద పెట్రోలు ఇంజను నమర్చిరి. కాలితో తొక్కిన అది మొదలగును. పొగను ఒక వంగెడి లోహపు గొట్టము గుమ్మము వెలుపలకు కొనిపోవును. 1935లో గ్రామీణ విద్యుదీకరణకు ప్రభుత్వము పూనుకొనిన పిమ్మట తీగలు పొలములకు చేరగా, రైతులు ఇంజనును విప్పి ఆ చోట విద్యుత్ మోటారును బిగించుకొనిరి. విప్పిన ఇంజను నీళ్లు తోడుటకో, పిల్లల బండి నడుపుటకో పోయినది. కావుననే నేడు ఇంజనులు వేఱుగా కావలసినన్ని దొరకును గాని, తన ఇంజనుతోనే కూడియున్న యంత్రము అపురూపము.

ఇక ఉద్ధరణకు వత్తము. ఇంటికి తెచ్చిన యంత్రమును ఉత్సాహముతో వెంటనే ప్లగ్గులో పెట్టరాదు. నాటి తీగలపై రబ్బరు ఎండి, వంచగానే పొడియై రాలును. ఎర్తు తీగ తఱచుగా నుండనే యుండదు. నీరును లోహమును కలసిన చోట ఇది ప్రాణాంతకము. కనుక తీగలు మార్చుట, మోటారు బేరింగులకు నూనె పట్టించుట మొదటి పని.

తరువాత వచ్చునది నిజమైన పరీక్ష: ఎజిటేటరును పైకి తీయుట. ఉక్కు ఇరుసుపై అల్యూమినియపు ఎజిటేటరు దశాబ్దములు తడిలో కూర్చుండినపుడు రెండు లోహములకును నడుమ తెల్లని తుప్పు పుట్టి, రెంటిని ఒక్కటిగా బిగించివేయును. సుత్తితో మోది, సలాకులతో ఎత్తి, ఱెక్కలు విఱిచికొనినవారు, అడుగు పండ్లచక్రములను పాడుచేసికొనినవారు కోకొల్లలు. నేర్పరి యట్లు చేయడు. తుప్పు సడలించు నూనెను పోసి దినములు గడవనిచ్చును. పిదప మరుగు నీటిని ఎజిటేటరుపై ధారగా పోయును. వేడికి అల్యూమినియము ఉక్కుకంటె రమారమి రెండింతలు వ్యాకోచించును గనుక, ఆ కొద్ది క్షణములలో వెంట్రుకవాసి ఎడము ఏర్పడును. అప్పుడు ఱెక్కల క్రింద చుట్టిన త్రాటిని నిలువుగా, సమముగా లాగవలెను. ఒకమారు రాకున్న చల్లారనిచ్చి మరల పోయవలెను. బలముకంటె ఓర్పు గొప్పదని ఈ పనిలో తెలిసినంతగా వేఱొకచోట తెలియదు.

అడుగున గేరుపెట్టె కలదు. అందలి పాత నూనె చిక్కబడి మైనమువలె నుండును; సీలు అరిగినచో ఆ నూనె కారి నేలపై మడుగు కట్టును. పెట్టెను విప్పి కడిగి, సీలు మార్చి, క్రొత్త నూనె పోసిన యంత్రము మరల చిరకాలము నడచుటకు అడ్డులేదు. పిండు రోలర్లది వేఱు వ్యథ: ఒత్తిడి సడలింపక మూలపెట్టినచో రబ్బరు ఒకవైపు చదునై, గట్టిపడి, బట్టను పట్టదు. రోలర్లను మార్చినపుడు, వానిని తటాలున విడదీయు రక్షణమీటను పదే పదే పరీక్షింపవలెను. ఆ రోలర్ల నడుమ పడి నలిగిన చేతుల కథలు నాటి వైద్యులకు సుపరిచితములు.

నున్నగా మెఱుగుపెట్టిన తొట్టిని చూచి మోసపోరాదని నా అభిప్రాయము. యంత్రము కాలమునకు లొంగునది లోహమందు కాదు, రబ్బరునందు. 1947లో ఫ్రిజిడేర్ సంస్థ తెచ్చిన యంత్రము ఇందుకు నిదర్శనము. అందు ఎజిటేటరు తిరుగక, క్రిందుమీదులుగా వేగముగా కదలును. ఆ కదలికకు అడ్డుగానున్న రబ్బరు తొడుగు చిరిగెనా, నీరు లోపలి యంత్రాంగమునకు దిగి సర్వమును తుప్పుపాలు చేయును. దానికి సరిపడు తొడుగును నేడు పోతపోసి యిచ్చువారే ఆ నమూనాకు ప్రాణదాతలు.

ఈ విద్య పూర్తిగా అంతరింపకుండుటకు ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రములలోని ఆమిష్ జనులును కొంత కారణము. విద్యుత్తీగలను ఇండ్లకు రానీయని ఆ కుటుంబములలో మేటాగ్ యంత్రములు ఇంజనులతోను, సంపీడిత వాయువుతోను నేటికిని నడచుచున్నవి. కావున విడిభాగములును, మరమ్మతు నెఱిగిన చేతులును అచ్చట మిగిలినవి. ఒకే తొట్టి నీటిలో తొలుత తెల్లనివి, పిదప రంగువి, కడపట పొలపు దుస్తులు వేయు క్రమము కూడ యంత్రమును నడపువారికే తెలియును గాని, అద్దముల వెనుక నిలిపి చూచువారికి తెలియదు. అందుచేత నడవని ప్రదర్శనముకంటె గీతలుపడినను నడచు యంత్రమే మేలని నేను వాదింతును.

అయితే ఒక యంత్రము నడచుటకు తఱచుగా మరియొకదానిని విప్పి భాగములు తీయవలసి వచ్చుచున్నది. చదరపు అల్యూమినియపు తొట్టి గల 'ఇ' నమూనా లెక్కకు మిక్కిలిగా దొరకును గనుక అట్లు విప్పుట తప్పుకాదు. కాని ఇంజనుతో కూడిన పూర్ణరూపము చేతికందినచో, దాని కొక్క మరను కూడ వేఱొకదానికి తరలింపక, విప్పుటకు ముందే ప్రతి భాగమునకు ఛాయాచిత్రము తీసి, తీగల రంగులను, మరల కొలతలను పుస్తకమున వ్రాసియుంచుట సేకర్త విధి.