రంగు చూసి కొట్టాలి

బేగంపేటలో కొలిమి పెట్టుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఎక్కువగా కుర్రవాళ్లే. అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కోర్సులు చేసేవాళ్లు, ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు. టీవీలో కత్తులు చేసే పోటీలు చూసి పుట్టిన సరదా. పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్ డాబా మీద మాత్రం వద్దు. నిప్పురవ్వలు గాలికి లేచి పక్కింటివాళ్లు ఆరేసుకున్న బట్టల మీద పడతాయి. కాలిన ఇనుము చేజారి కాంక్రీటు మీద పడిందంటే లోపలి తేమ ఆవిరై పైపొర పెచ్చులు పెచ్చులుగా ఎగిరి కళ్లలో కొడుతుంది. మట్టినేల కావాలి. పైన రేకు ఉన్నా చుట్టూ గాలి ఆడాలి, ఎందుకంటే బొగ్గు పొగలో కంటికి కనిపించని విషం ఉంటుంది. ప్రకాశ్‌నగర్ వైపు ఇంకా మిగిలిన పాత ఇళ్లలో మాదొకటి. వెనక కాస్త మట్టి మిగిలింది కాబట్టి నాకు సాగుతోంది. ఆ వసతి లేనివాళ్లు మేడ్చల్ దగ్గరో శామీర్‌పేట దగ్గరో స్థలం ఉన్న స్నేహితుణ్ని పట్టుకోవడం మంచిది.

కొలిమికి పెద్ద ఖర్చేమీ లేదు. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికే లారీ బ్రేక్ డ్రమ్ము, దాని అడుగున ఒక ఇనుప గొట్టం, గొట్టం చివర చేత్తో తిప్పే బ్లోయరు, అంతే. కరెంటు బ్లోయరు కంటే చేతిదే మేలు. ఆపగానే గాలి ఆగుతుంది, బొగ్గు వృథా కాదు, గాలికీ మంటకూ ఉన్న సంబంధం చేతికి తెలుస్తుంది. రాక్షసి బొగ్గు ఊరి మధ్యలో వద్దు, ఆ పొగకు ఇరుగుపొరుగు ఊరుకోరు. కట్టెబొగ్గు చాలు. ఇస్త్రీ బండివాళ్లనూ కబాబు కొట్లవాళ్లనూ అడిగితే బస్తా ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

ఇక అసలు విద్య. సుత్తి దెబ్బ రెండు మూడు వారాల్లో చేతికి వస్తుంది. రంగు చూడటానికే ఏళ్లు పడుతుంది. వంటింట్లో తీగపాకం ఎప్పుడు ముదిరి ఉండపాకం అవుతుందో మా అమ్మ కంటితో చూసి చెప్పేది. ఇనుము విషయంలోనూ ఆ చూపే కావాలి. ముదురు ఎరుపులో ఉన్నప్పుడు బలంగా కొడితే ఇనుము సాగదు, చెయ్యి నొప్పి పుడుతుంది, కడ్డీ లోపల చీలిక పడుతుంది. నారింజ దాటి పసుపుకు వచ్చేటప్పుడు, అంటే సుమారు వెయ్యి నుంచి 1,150 డిగ్రీల సెల్సియస్ మధ్య, మామూలు మెత్తని ఇనుము చెప్పినట్టు వింటుంది. ఇంకా కాచి తెలుపుకు తెచ్చారో, కడ్డీ కొసనుంచి చుక్కల్లా రవ్వలు రాలతాయి. అది కాలిపోయినట్టే. ఆ ముక్క కోసి పారేయాలి, మరో దారి లేదు. ఎండలో ఈ రంగులేవీ సరిగా కనబడవు. నడి మధ్యాహ్నం నారింజలో ఉన్న కడ్డీ కూడా నల్లగానే అనిపిస్తుంది. అందుకే కొలిమి నీడలో ఉండాలి, పని సాయంత్రం పెట్టుకోవాలి.

ఈ చూపు విలువ తెలియాలంటే కోనసముద్రం కథ వినాలి. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని ఊరది. అక్కడ మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దిమ్మల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, ఊళ్లో దిగి, దగ్గరుండి నాణ్యత చూసుకునేవాళ్లు. దేశాన్ని కొలుస్తూ సాగిన లాంబ్టన్ సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ ఆ ఊరికి వెళ్లి చూసి వివరంగా రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. డమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చుకున్నవి ఈ జాతి ఉక్కుతో చేసినవే. దీని రహస్యం పట్టుకోవాలని 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి పరిశోధన సమర్పించాడు, తరవాత మైకేల్ ఫారడే కూడా కొన్నేళ్లు తంటాలు పడ్డాడు. యూరప్ కమ్మరులకు ఆ ఉక్కు దిమ్మ చేతికి వచ్చినా కత్తి రాలేదు. వాళ్లు తమకు అలవాటైన వేడికి కాచి కొడితే సుత్తి కింద పొడిపొడి అయింది. అందులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. మెత్తని ఇనుములో ఉండేది పావు శాతం లోపే. కర్బనం పెరిగేకొద్దీ ఇనుము ఓర్చుకునే వేడి తగ్గుతుంది, కొట్టడానికి దొరికే రంగుల మేర చిన్నదవుతుంది. కోనసముద్రంలో ఆ దిమ్మలకు మట్టి పూసి, గంటలకొద్దీ కొలిమిలో ఉంచి, చల్లార్చి, మళ్లీ ఉంచి, మెత్తబడే దాకా ఓపిక పట్టేవాళ్లని వాయిసీ రాశాడు. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ వాళ్లూ ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లూ కలిసి ఉత్తర తెలంగాణలో తిరిగినప్పుడు ఊరూరా ఇనుప చిట్టెం కనిపించింది. నారింజ రంగు దగ్గర చెయ్యి ఆపుకోవడం తెలిసిన మనుషులు ఇక్కడ అంతమంది ఉండేవాళ్లన్నమాట. నాకది గోల్కొండ వజ్రాలకన్నా పెద్ద గర్వం.

పనిముట్లకు మనకు రాణిగంజ్ ఉంది. పారడైజ్ దాటితే వచ్చేసినట్టే. సుత్తి కిలో లోపుది కొనండి. బరువు ఎక్కువైతే మోచెయ్యి పోతుంది. కొన్నాక దాని ముఖం అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, లేకపోతే ప్రతి దెబ్బకూ ఇనుము మీద నెలవంక గాట్లు పడతాయి. దాగలి కొనేంత డబ్బు మొదట్లోనే పెట్టక్కర్లేదు. పాతిక కిలోల ఉక్కు దిమ్మ ఒకటి తుమ్మమొద్దులో దిగేసుకుంటే చాలు. నిలబడి చెయ్యి కిందికి వదిలి పిడికిలి బిగిస్తే వేళ్ల కణుపులు ఎక్కడికి వస్తాయో దాగలి పైతలం అక్కడ ఉండాలి. రైలుపట్టా ముక్క మంచి దాగలే, కానీ బిల్లు లేకుండా ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం కింద నేరం. మొద్దు కింద ఇసుక పోసి, దిమ్మకు గొలుసు చుడితే మోత బాగా తగ్గుతుంది. పనిచేసే రోజూ వేళా పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మొదటి వస్తువు కత్తి కాకూడదు. కొక్కెం చేయండి. పది మిల్లీమీటర్ల చదరపు కడ్డీ, మూరెడు పొడవుది తీసుకుంటే రెండో కొసను చేత్తోనే పట్టుకోవచ్చు, పట్టకారుతో పని ఉండదు. కొసను పసుపురంగుకు కాచి దాగలి అవతలి అంచు దగ్గర పెట్టి, దెబ్బకొకసారి పావు మలుపు తిప్పుతూ సాగగొట్టాలి. ముందు చదరంగానే సన్నబడాలి. తరవాత నాలుగు మూలలూ కొట్టి ఎనిమిది పలకలు చేయాలి. ఆ తరవాతే గుండ్రం. తొందరపడి మొదటే గుండ్రంగా కొడితే కొస మధ్యలో బోలుపడి చేపనోరులా చీలుతుంది. సన్నబడ్డ కొసను చిన్న చుట్ట చుట్టి, మళ్లీ కాచి, పైపు ముక్క మీద వంచితే కొక్కెం. ఎరుపు పోయి నల్లబడ్డాక తీగ బ్రష్షుతో పొలుసు రుద్ది, ఆ వెచ్చదనం ఉండగానే తేనెమైనం పూస్తే తుప్పు త్వరగా పట్టదు. ఈ ఒక్క వస్తువులో సాగగొట్టడం, చుట్టడం, వంచడం మూడూ వస్తాయి.

కత్తి చేసే రోజు వచ్చినప్పుడు ఇల్లు కట్టే టీఎంటీ కడ్డీ పనికిరాదు, అందులో పదును నిలిచేంత కర్బనం లేదు. లారీ కమాన్ పట్టీ బాగుంటుంది. కాగుతున్న ఉక్కుకు అయస్కాంతం అంటడం మానేస్తే సుమారు 770 డిగ్రీలు దాటిందని అర్థం. ఆ పైన ఇంకొంచెం కాచి, గోరువెచ్చని వేరుశనగ నూనెలో ముంచాలి. నూనె ఇనుప డబ్బాలో ఉండాలి, మూత చేతికందాలి. బయటికి తీసిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి వెంటనే 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు విడతలు, గంట చొప్పున పెట్టండి. శుభ్రంగా రుద్దిన చోట లేత గడ్డిరంగు తేలుతుంది. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. జీఐ పైపులూ జింకు పూత ఉన్న బోల్టులూ కొలిమిలో పెట్టకండి. ఆ తెల్లని పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, ఎక్కువైతే ఊపిరితిత్తులకే ముప్పు. నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి.

వీడియోలు చూడండి, తప్పులేదు. అయినా నగరం అంచుల్లో రోడ్డు పక్కన కొలిమి పెట్టుకుని కొడవళ్లూ గొడ్డళ్లూ చేసి అమ్మే కుటుంబాల దగ్గర ఒక పూట నిలబడితే ఇంకా ఎక్కువ తెలుస్తుంది. భర్త పట్టకారుతో ముక్కను తిప్పుతుంటే భార్య సమ్మెట ఎత్తుతుంది. అతని చిన్న సుత్తి ఎక్కడ తాకితే ఆమె సమ్మెట అక్కడే పడుతుంది. చిన్న సుత్తి ఉత్త దాగలి మీద టంగుమందంటే ఆమె ఆగుతుంది. మాట అనేదే ఉండదు. అడక్కుండా ఫోన్ ఎత్తి వీడియో తీయకండి, అది వాళ్ల బతుకుదెరువు. అన్నా, వదినా అని పలకరించి, ఏదైనా వస్తువు చేయించుకుని, చెప్పిన ధర ఇవ్వండి. బేరం ఆడొద్దు. ఏం చేయించుకోవాలో తోచకపోతే మీ మొదటి పట్టకారు చేయించుకోండి. పట్టకారు నోరు కడ్డీ మందానికి సరిపోకపోతే ఎర్రటి ఇనుము జారి కాళ్ల మీద పడుతుంది, కాబట్టి వెళ్లేటప్పుడు మీరు వాడే కడ్డీ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. దాన్ని కొలతగా పెట్టుకుని నోరు సరిచేసి ఇస్తారు.