తెల్లపూత కనబడక ముందే

తొలకరి పడిన నాలుగైదు వారాలకు పల్నాడులోని రాజుపాలెం చుట్టుపక్కల డొంకలు, పొలం గట్లు, రోడ్డు పక్క బీళ్లు తెల్లబడతాయి. వయ్యారిభామ పూత అది. మిరప తోటలో కలుపుకి కూలీలను పెట్టి దగ్గరుండి తీయించే రైతు కూడా గట్టు మీది ఈ మొక్కను చూసీ చూడనట్టు వదిలేస్తాడు. నడుమెత్తు పెరిగి నిండా పూశాక కొడవలి పట్టుకుని బయల్దేరతాడు. అప్పటి కోతతో మేలు కన్నా కీడే ఎక్కువ.

ఎందుకో తెలియాలంటే చేతికి తొడుగు వేసుకుని ఎండిన పువ్వొకటి నలిపి చూడాలి. ఐదు మూలలున్న ఆ చిన్న పువ్వులో మూలకొకటి చొప్పున నల్లటి గింజలుంటాయి. ఒక్క మొక్క పదివేల నుంచి పాతికవేల గింజల దాకా రాలుస్తుంది. అవి గాలికి ఎగురుతాయి, కాలవ నీళ్లలో తేలిపోతాయి, ట్రాక్టర్ చక్రాల బురదకు అంటుకుని పక్క ఊరు చేరతాయి. పూశాక కోసి గట్టున కుప్ప వేయడమంటే వచ్చే ఏటికి విత్తనం చల్లుకోవడమే. పైగా కోసిన మొదలు మళ్లీ చిగురిస్తుంది.

పూతతో చేటు వయ్యారిభామ ఒక్కదానితోనే కాదు, వెదురు పూస్తే కరువంటారు పెద్దలు. మిజోరంలో 1959 ప్రాంతంలో అదే జరిగింది. వెదురు గింజలు తిని పెరిగిన ఎలుకలు చేలమీద పడ్డాయి. అయితే ఆ వెదురు దాదాపు 48 ఏళ్లకోసారి పూస్తుంది. అందుకే 2006-08లో మళ్లీ పూసేనాటికి అక్కడివాళ్లకు ముందే తెలుసు. వయ్యారిభామ ఆ గడువు ఇవ్వదు. తడి ఉంటే చాలు, ఏడాదిలో ఎన్నిసార్లయినా మొలిచి పూస్తుంది.

అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పుణెలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. దురద, ఉబ్బసం తెస్తుందని అందరికీ తెలుసు. పైరుకు చేసే చేటు సంగతే చాలామందికి తెలియదు. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొవ్వ ఎండి, సుమారు రెండుంపావు లక్షల హెక్టార్లలో దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. కారణం పొగాకు స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ ఆ వైరస్‌ను తనలో ఉంచుకుని, ఏ జబ్బూ లేనట్టు పచ్చగా పెరుగుతుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటి పైరు చేరుతుంది. పురుగు ఆకును గీరిన చోట వైరస్ లోపలికి దిగుతుంది. పూత లేకపోతే పుప్పొడి లేదు. ఈ వైరస్ పత్తికీ సోకుతుంది కాబట్టి పల్నాటి రైతు దీన్ని అనంతపురం గొడవ అనుకోవడానికి లేదు.

పీకడానికి సరైన అదను వాన పడిన మర్నాడు. ఆకులు క్యారెట్ ఆకుల్లా నేలకు పరుచుకుని ఉండే దశలో మొదలు పట్టి లాగితే తల్లివేరుతో సహా వస్తుంది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దద్దుర్లు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ పనికి పోకూడదు. పూత రాని మొక్కల్ని గోతిలో పేడ, మట్టి పొరల మధ్య వేస్తే మంచి ఎరువు. పూసినవి మాత్రం గోతిలో వేయకూడదు. గోనెసంచిలో కట్టి, ఎండాక దూరంగా తగలబెట్టాలి.

ఖాళీ అయిన నేలను అలాగే వదిలితే మళ్లీ అదే మొలుస్తుంది. బంజరులో అయితే వానలకు ముందు తంటెం గింజలు చల్లితే అది గుబురుగా పెరిగి దీన్ని అణుస్తుంది. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలిన పెంకు పురుగు వానాకాలంలో దీని ఆకు తింటుంది. అది కనబడిన చోట పురుగుమందు కొట్టొద్దు. ఉప్పునీళ్లు చల్లితే మొక్క మాడేమాట నిజమే గానీ, నేలా పాడవుతుంది. పొలం గట్టు మీద ఆ పని వద్దు.

ఒకరి గట్టు శుభ్రమై, పైన కాలవ కట్ట పూతతో నిండి ఉంటే ఫలితం సున్న. పంచాయతీ, బడి, ఇరుగుపొరుగు రైతులు ఒకేసారి కదలాలి. దేశమంతటా వయ్యారిభామ నిర్మూలన వారం ఆగస్టు 16 నుంచి 22 దాకా జరుపుతారు. జూన్ వానకు మొలిచిన మొక్క అప్పటికే గింజ రాలుస్తూ ఉంటుంది. రాజుపాలెం రైతులు అందాకా ఆగొద్దు, జూలై మొదటి వారంలోనే గట్ల మీదికి దిగాలి.