బుస్సుమనే ఆ చప్పుడు

బిలాస్‌పూర్ యార్డులో బొగ్గు బండి నుంచి ఇంజన్ విడిపోయింది. బ్రేకు గొట్టంలో గాలి పోయి, వ్యాగన్లన్నిటికీ బ్రేకులు పడ్డాయి. వాటిని షంటింగు చేయాలంటే చేత్తో విడిపించాల్సిందే. క్యారేజీ సిబ్బంది ఒకరు కంకర మీద నడుస్తూ, ప్రతి వ్యాగన్ దగ్గరా వంగి రిలీజు వాల్వు కడ్డీ లాగుతారు. బుస్సుమని గాలి పోతుంది. పిస్టన్ లోపలికి జరుగుతుంది, బ్రేకు దిమ్మ చక్రాన్ని వదిలేస్తుంది. ఆ రెండూ కళ్లారా చూశాకే అడుగు ముందుకు పడుతుంది.

గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకు వదులుగా ఉంటుంది, తగ్గితే పట్టేస్తుంది. గొట్టం తెగినా బండి ఆగేలా ఆవిష్కర్త వెస్టింగ్‌హౌస్ 1872లో చూపిన దారి ఇది. ఆ కాపలాను చేత్తో సడలించడం చిన్న బాధ్యత కాదు. ఒక్క వ్యాగన్ మరిచిపోతే చక్రం తిరగక ఈడ్చుకుపోయి అరుగుతుంది. విడిపించిన వ్యాగన్‌కు హ్యాండ్ బ్రేకు బిగించకపోతే అదే దొర్లిపోవచ్చు.

2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలూ ఉన్నాయి. ఆ బొగ్గుతో పుట్టే కరెంటుతో మన ఇంట్లో వెలిగే దీపం వెనుక, ఎండలో వంగిన ఆ నడుమూ ఉంది. దానికి నా నమస్కారం.