సీతమ్మగారు చేరని అంతర్వేది

మొన్న చలికాలంలో మేం ముగ్గురు స్నేహితురాళ్ళం కోనసీమ చూసి రావాలనుకున్నాం. రాజమండ్రిలో ఉన్న మిత్రురాలి కారు తీసుకుని, మేమే నడుపుకుంటూ, మూడు రోజులు. ముగ్గురిలో ఇద్దరికి డ్రైవింగ్ వచ్చు. పదిహేనేళ్ళుగా నడుపుతున్నాం. అయితే ఆ పదిహేనేళ్ళలో మా కార్లు కాలేజీకి, ఆసుపత్రికి, పిల్లల ట్యూషన్లకి, బంధువుల పెళ్ళిళ్ళకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదన్న సంగతి ఈ ప్రయాణం అనుకున్నాకే మాకు తట్టింది. విషయం చెప్పగానే ముగ్గురి ఇళ్ళలోనూ వినబడ్డ మొదటి ప్రశ్న ఒక్కటే: "డ్రైవరెవరు?" "మేమే" అన్న జవాబును ఎవరూ జవాబుగా తీసుకోలేదు.

ఏ రోజు ఎక్కడికి, ఏ వంతెన మీదుగా, రాత్రికి బస ఎక్కడ అని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఈ వ్యాసం ఆ కాగితం గురించి. సాహిత్యం పాఠం చెప్పేవాళ్ళకి ఏది కనబడ్డా ఒక రచనగా చదివే అలవాటుంటుంది. ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఇందులో ఎవరు లేరు అని విద్యార్థుల చేత అడిగిస్తాం. ఆ ప్రశ్నలు మా కాగితాన్నే అడిగితే కొంచెం సిగ్గేసింది.

మొదట రాసుకున్నవి ఇవి: ర్యాలి గుడి, ఆత్రేయపురం పూతరేకులు, కొబ్బరితోటలు, అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి, దిండిలో హౌస్‌బోటు, అంతర్వేది సముద్రం. అన్నీ చూడదగ్గవే. కానీ ఈ జాబితా మాది కాదు. సినిమాల్లో, ఆదివారం అనుబంధాల్లో, పర్యాటక కరపత్రాల్లో చూసి చూసి మా లోపల పేరుకున్నది. ఆ రాతల్లో కోనసీమ ఎప్పుడూ ఒక అమ్మాయి. పచ్చచీర కట్టుకుని, వాలుజడ వేసుకుని, సిగ్గుపడుతూ నిలబడి ఉంటుంది. కాలువకి ఒయ్యారం, గాలికి కులుకు. చూసేవాడు మాత్రం బయటినుంచి వచ్చిన మగవాడు. నేలను వర్ణించినా స్త్రీని వర్ణించినా అతనికి ఒకటే భాష. ఇప్పుడు ఆ చూసే చోట మేం కూర్చున్నాం. స్టీరింగు మా చేతిలో ఉన్నంత మాత్రాన చూపు కూడా మాదైపోతుందా? ఈ ప్రశ్న మమ్మల్ని మూడు రోజులూ వదల్లేదు.

అసలు "కోనసీమ చుట్టి రావడం" అన్న మాటలోనే పొరపాటుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలి, మధ్యనున్న నేలను సముద్రం దాకా కావలించుకుని పోతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడివడి రాజోలు వైపును అమలాపురం వైపునుంచి వేరు చేస్తుంది. మనం ఒక దీవి అనుకుంటున్నది నిజానికి రెండు. అంచు వెంబడి చుట్టి వచ్చే రోడ్డు లేదు. అంతర్వేది, ఓడలరేవు రెండూ సముద్రం ఒడ్డునే ఉన్నాయి కదా, పక్కపక్కనే అనుకుని ఒకే పూటలో రాసుకున్నాం. కానీ వైనతేయ సముద్రంలో కలిసే చోట కారు దాటే వంతెన లేదు. రాజోలు వైపు వెనక్కి వచ్చి, పాశర్లపూడి, బోడసకుర్రుల మధ్య వంతెన దాటి, మళ్ళీ దక్షిణానికి దిగాలి. పటం ముందు కూర్చున్నవాళ్ళకి ఇది తెలియదు. రేవులో నిలబడ్డవాళ్ళకి బాగా తెలుసు. గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది 2002లో. అంతకుముందు అక్కడ దాటాలంటే రేవు, పడవ, పంటు. రాత్రివేళ నొప్పులొస్తే రేవులో పడవ కోసం కాచుకున్న సంగతులు మాకు అమలాపురంలో ఒక పెద్దావిడ చెప్పింది. ఏ పర్యాటక కరపత్రంలోనూ వంతెన గురించి అలా రాయరు.

ప్రయాణాన్ని ముందుగా ఊహించుకోవడం, దానికి రోజులు కేటాయించుకోవడం కూడా ఒక అధికారమే. తెలుగు యాత్రా రచనను అలా చదివి చూడండి. ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయలుదేరాడు. పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం, మజిలీ మజిలీకీ రాసుకున్న లెక్కలు. ఆ పుస్తకం మనకు అపురూపమైనదే. అందులో వండినవాళ్ళు, మోసినవాళ్ళు రాసుకున్న దినచర్య మాత్రం మనకు లేదు. వశిష్ఠకు అవతలి ఒడ్డున, మొగల్తూరు కుర్రాడు బారిస్టరు పార్వతీశం ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయలుదేరితే మనం కడుపుబ్బ నవ్వుకుంటాం. అతని తెలివితక్కువతనానికి నవ్వుతాం గానీ, అతను గడప దాటడం మనకు వింతగా తోచదు. అదే వయసు అమ్మాయి చెప్పకుండా గడప దాటితే అది హాస్యనవల కాదు. శ్రీపాద వారి "అరికాళ్ళకింద మంటలు" కథలో, పుట్టింట్లో చాకిరీతో నలిగిపోయిన బాలవితంతువు రాత్రిపూట బయటపడి వీరేశలింగం పంతులుగారి తోట దారి పడుతుంది. ఊళ్ళో ఒక చోటునుంచి మరో చోటికి జరిగిన ఆ చిన్న ప్రయాణం, నా దృష్టిలో, ఎన్నో దేశాటనల కంటే పెద్దది. అందులో ముందుగా వేసుకున్న పథకం లేదు. పథకం వేసుకునే తీరిక ఆమెకు లేదు.

స్త్రీలు రాయలేదని కాదు. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండు వెళ్ళి వచ్చి ఆ అనుభవాలు పుస్తకంగా తెచ్చింది. నాయని కృష్ణకుమారిగారి "కాశ్మీర దీపకళిక" మనలో చాలామంది చదివి ఇష్టపడ్డదే. కానీ ఈ పేర్లు మనం చరిత్రగా చెప్పుకుంటున్నాం తప్ప, మన ప్రయాణాలకు ఆధారంగా వాడుకోవడం లేదు. మా కాగితం రాసుకునేటప్పుడు ముగ్గురిలో ఒక్కరికీ ఒక రచయిత్రి గుర్తు రాలేదు.

మొదటి రోజు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగి ఆత్రేయపురం వెళ్ళాం. కాలువగట్టు రోడ్లు ఇరుకు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఒక పక్క కాలువ, ఒక పక్క చేను. మొదటి గంటలో ఇద్దరం డ్రైవర్లం చెమటలు కక్కాం. ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద, బోర్లించిన కుండకింద మంట పెట్టుకుని ఒకామె రేకులు తీస్తోంది. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే ఉల్లిపొర లాంటి రేకు. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొగ మాత్రం ఆమె కళ్ళలోకే వస్తోంది.

ఆమె మా కారు వైపు చూసి, "మగాళ్ళెవరూ రాలేదేటండీ? మీరే తోలుకొచ్చేరా?" అంది. అవునన్నాం. ఆశ్చర్యపోతుందనుకున్నాం. పోలేదు. "కువైట్లో మా మేడంగారే తోలేవోరండి. నేను ఎనక సీట్లో పిల్లల్ని పట్టుకుని కూచునేదాన్ని" అంది. ఏడేళ్ళు అక్కడ ఇంటిపని చేసి వచ్చిందట. విమానం ఎక్కింది, సముద్రం దాటింది, భాష తెలియని ఊళ్ళో సంసారం నెగ్గుకొచ్చింది. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్ళి వచ్చిన స్త్రీలు ఎందరో. వాళ్ళలో దళిత స్త్రీలు, వెనకబడిన కులాల స్త్రీలు ఎక్కువ. పదో తరగతి చదవని స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళకూడదని ప్రభుత్వ నిబంధన. రక్షణ కోసమే పెట్టారు. చట్టబద్ధమైన దారి మూసుకుంటే ఏజెంటు చూపించే దొడ్డిదారి మిగులుతుందని కూడా అందరికీ తెలుసు. ఎవరింటి నుంచి ఎవరు ఎప్పుడు కదలాలో రాసే ప్రణాళిక అది. మా కాగితంకంటే చాలా బరువైనది. ఈ నేల మీద పెద్ద యాత్రికులెవరంటే ఈ ఆడవాళ్ళే. వాళ్ళ యాత్రాచరిత్ర ఏ పుస్తకాల బీరువాలో ఉంది?

"రేపు అంతర్వేది వెళ్తున్నాం, మీరూ రాకూడదా?" అని అడిగాం. నవ్వింది. "చిన్నప్పుడు తీర్థానికెళ్ళానండి, మళ్ళీ ఎళ్ళలేదు. రేపు ఆర్డరుందండి" అంది. ఆ ఆర్డరులో రెండు పెట్టెలు మావి.

మర్నాడు కొత్తపేట, అంబాజీపేట మీదుగా గన్నవరం అక్విడక్టు చేరాం. కింద వైనతేయ, పైన కాలువ. ఏటి మీదుగా నీటినే నడిపించిన కట్టడం. పాతదాని పక్కన తర్వాత కట్టిన అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన మనిషి. ఏటి దారిలో పోయేవాళ్ళకి ఆ ఇల్లే మజిలీ. ఆమె గురించి ఇక్కడ ఒక కథ చెబుతారు. జీవితమంతా వంటింట్లోనే గడిచిందని ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిందట. దారిలో ఆగిన చోట, ఆకలితో ఉన్న ఒక పెళ్ళివారి మాటలు వినబడ్డాయి. కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడుతుంది అని పిల్లలకి చెప్పుకుంటున్నారు. ఆమె అక్కడినుంచే వెనక్కి తిరిగింది. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వండింది. ఇంకో కథ కూడా ఉంది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమెను ఆహ్వానిస్తే ఆమె వెళ్ళలేదని, ఆమె ఫోటోను తీసుకువెళ్ళి అక్కడ కుర్చీలో ఉంచారని.

ఈ కథలు మనం చిన్నప్పటినుంచీ త్యాగానికి ఉదాహరణగా విన్నాం. ప్రయాణ కథలుగా ఎప్పుడూ చదవలేదు. అలా చదివితే కథ మారిపోతుంది. ఇందులో ప్రయాణికులున్నారు, మజిలీ ఉంది, గమ్యం ఉంది. బయలుదేరి కూడా చేరనిది ఒక్క సీతమ్మగారే. ఫోటో ఖండాంతరాలు దాటింది, మనిషి అంతర్వేది దాకా వెళ్ళలేదు. ఆమె దయను నేను తక్కువ చేయడం లేదు. ఆకలి చూసి వెనుదిరగడం గొప్ప విషయమే. నా అభ్యంతరం ఆమెతో కాదు, ఆమె వెనుదిరిగిన చోట కథను ఆపి చప్పట్లు కొట్టిన మనతో. మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళిందా, వెళ్ళాలనిపించిందా అని ఎవరూ అడగలేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. బాగుంది. ఆ భోజనం వండే ఆడవాళ్ళు కొద్దిపాటి గౌరవవేతనం మీద పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. పేరు పెట్టడం సులువు, చేతిలోని గరిటె కాసేపు అందుకోవడం కష్టం.

అక్విడక్టు మీద ఉండగానే నాకు తట్టింది. నిన్న ఆత్రేయపురంలో ఆ పెళ్ళివారం మేమే. మా తీపి కోసం ఒకామె అంతర్వేది రాలేకపోయింది. స్వేచ్ఛగా తిరుగుతున్నామని మేం మురిసిపోతున్న మూడు రోజులూ ఎవరో ఒక స్త్రీ వంటింట్లో, ఊడ్చిన గదిలో, ఉతికిన దుప్పట్లో మా వెంటే ఉంది. మా ఇళ్ళలో కూడా. మేం వెళ్ళిన మూడు రోజులకు వంటమనిషికి సెలవు లేదని ముగ్గురం ముందే చెప్పి వచ్చాం.

ఆ తర్వాత కాగితాన్ని దిద్దడం మొదలుపెట్టాం. పాశర్లపూడి పేరు పక్కన వంతెన అని మాత్రమే ఉంది. 1995లో అక్కడ గ్యాస్ బావి 65 రోజులు మండిందని రాశాం. ఆ దారిలోనే నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా పోయారు. నిద్రలేచి పొయ్యి దగ్గరికి వెళ్ళే వేళ. మామిడికుదురు పక్కన బోయి భీమన్న పుట్టిన ఊరు అని రాశాం. అమలాపురం పక్కన, 2022లో ఏర్పడ్డ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతారన్నందుకు ఆ మే 24న ఇళ్ళు తగలబడ్డాయని రాశాం. ఇప్పుడా పేరు బోర్డుల మీద ఉంది. పచ్చచీర వర్ణనలో ఇవేవీ పట్టవు.

ఆడవాళ్ళకు పనికొచ్చేవి కూడా రాశాం. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజులు, లంక ఊళ్ళ దారులు మునుగుతాయి, పంటులు ఆగుతాయి. చలికాలం మేలు. కాలువగట్ల మీద చీకట్లో నడపకండి. మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులు ఫలానా చోట్ల ఉన్నాయి. ఇది సాహిత్య విమర్శా అని ఒక మిత్రుడు నవ్వాడు. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియక రోజంతా మంచినీళ్ళు తాగకుండా ప్రయాణం చేసే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. అందుకే అతను రాసిన యాత్రాకథనంలో ఆ వాక్యం లేదు.

అంతర్వేదిలో సాయంత్రందాకా ఉన్నాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, మెత్తటి ఇసకలో, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం. సీతమ్మగారు చూడాలనుకున్నది ఇదే కదా అనుకున్నాం. తిరుగుదారిలో ఆత్రేయపురంలో ఆగి ఆమె ఫోను నంబరు తీసుకున్నాం. వచ్చే శీతాకాలానికి రాసుకున్న కాగితంలో మొదటి రోజు పక్కన ఊరి పేరు లేదు. "ఆర్డరు లేని రోజు ఏదో ఆమెను అడిగి, తర్వాత తేదీ వేసుకోవాలి" అని ఉంది. వెనక సీటు ఖాళీగా ఉంచుతాం అని రాయబోయి కొట్టేశాం. ఆమెకు ముందు సీటు.